తగినంత నీళ్ళు

ఆ ఆదివారం ఉదయం కవిగారి పథకం చాలా తేలికైనది. పదకొండింటికి స్నానం, పన్నెండింటికి ఇస్త్రీ చొక్కా, ఒంటిగంటకు కంపెనీ కొత్త మేనేజరమ్మకు తమ ఇంట్లో భోజనం. వంట సంగతి ఆ పథకంలో లేదు. అది భార్య చూసుకుంటుంది.

ఆయన కవిత్వం రాయగా చూసినవాళ్ళెవరూ లేరు. సూప్ పొడులు, కేకు పొడులు, గడ్డకట్టించిన కూరముక్కలు అమ్మే కంపెనీలో, ప్యాకెట్ వెనక ఉండే 'తయారుచేయు విధానం' రాయడం ఆయన ఉద్యోగం. పదిహేడేళ్ళుగా అదే పని. "మన రాత చదవని వంటిల్లు లేదు" అని ఆయన తరచూ అనడం విని, ఆఫీసువాళ్ళు ఆ పేరు తగిలించారు. పది రోజుల క్రితం చేరిన మేనేజరమ్మ ముందు కూడా ఆయన ఊరుకోలేదు. "మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగస్తులమేనండీ. మూడుపూటలా మన ప్యాకెట్లే. ఒకసారి వచ్చి రుచి చూడండి" అన్నారు. ఆవిడ నిజంగానే వస్తానంది.

తొమ్మిదింటికి భార్యకు ఫోన్ వచ్చింది. ఆవిడ పనిచేసే ఆస్పత్రి మందుల కౌంటర్లో రెండో మనిషికి జ్వరమట. చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూనే, "సూపుకి నీళ్ళెన్నో చెప్తాను, రాసుకోండి" అంది.

"రాసినవాడికే చెప్తావా?"

"రాశారు సరే, ఎప్పుడైనా వండారా?"

"అంతా ప్యాకెట్ వెనకే ఉంటే వండటానికేముందే! నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

కవిగారు పొయ్యి వెలిగించి, టమాటా సూప్ ప్యాకెట్ తిప్పి, తన వాక్యాన్ని తానే పైకి చదువుకున్నారు. 'తగినంత నీటిలో కలిపి చిక్కబడువరకు మరిగించవలెను.' ఎంత పొందికగా కుదిరిందో అని మురిసిపోయారు. తగినంత అంటే ఎంతో మాత్రం అందులో లేదు. చెంబెడు పోశారు. పావుగంట మరిగినా చిక్కబడలేదు. ఇంకో రెండు ప్యాకెట్లు వేశారు. ఈసారి పోస్టర్లు అంటించే జిగురులా తయారైంది. నీళ్ళు పోస్తే పలచన, పొడి వేస్తే ఉండలు. గిన్నె చాలక కుక్కర్‌లోకి మార్చారు. కుక్కరూ చాలక, ఎదురింటి తలుపు తట్టారు. అక్కడ ఉండేది బట్టలు కుట్టే ఆవిడ. బిల్డింగంతా ఆవిణ్ణి టైలరక్క అంటారు.

"అక్కా, మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె ఇవ్వండి."

"ఏంటి తమ్ముడూ విశేషం?"

"మా మేనేజరుగారు భోజనానికొస్తున్నారు."

మేనేజరు ఇంటికి రావడం ఒకటి, అంత పెద్ద గిన్నె ఒకటి. టైలరక్క ఆ రెండు ముక్కలూ కలిపి కుట్టేసింది. కవిగారికి ప్రమోషన్ వచ్చిందనీ, బిల్డింగందరికీ విందనీ పది నిమిషాల్లో పై అంతస్తుకీ కింది అంతస్తుకీ కబురు చేరిపోయింది.

పన్నెండున్నరకు ప్యాకెట్లు తొమ్మిదయ్యాయి. సూపు గిన్నె అంచు దాకా వచ్చింది. ఇస్త్రీ చొక్కా ఎర్రబడింది. కవిగారికి ఒళ్ళు మండి, ప్యాకెట్ మీదున్న సహాయ నంబరుకు ఫోన్ కొట్టారు. ఎవరో ఆవిడ ఎత్తింది. వెనక బండ్ల మోత.

"ఎవరండీ ఇది రాసిన మహానుభావుడు? తగినంతట, తగినంత! ఇన్ని గ్లాసులని చెప్పడానికి నోరు రాలేదా? ముందు చన్నీళ్ళలో కలిపితే ఉండలు కట్టదని తొమ్మిదో ప్యాకెట్‌కి నాకే తెలిసిందే, ఆ ముక్క రాస్తే వాడి చెయ్యి పడిపోతుందా? జన్మలో పొయ్యి దగ్గరికెళ్ళి ఉండడు!"

"నిజమేనండీ, రాసుకుంటున్నాను. మీ పేరు?"

"పేరెందుకండీ! ముందు వాడి సంగతి చూడండి!" అని ఠపీమని పెట్టేశారు. పెట్టేశాక గానీ, ఆ 'వాడు' ఎవరో ఆయనకు గుర్తుకు రాలేదు.

ఒంటిగంటకు బెల్ మోగింది. తలుపు తీస్తే మెట్ల దాకా జనం, తలా ఒక ఖాళీ గిన్నెతో. వాళ్ళ వెనక మేనేజరమ్మ. టైలరక్క ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది. "మా తమ్ముడికి ప్రమోషనిచ్చింది మీరేనా తల్లీ? మీ కడుపు చల్లగుండ!"

"ప్రమోషనూ లేదు, ఏమీ లేదు! ఎవరండీ ఇది పుట్టించిన మహానుభావుడు?" అని కవిగారు గావుకేక పెట్టారు.

మేనేజరమ్మ తల పక్కకు వంచింది. "ఈ గొంతు ఇందాకే విన్నాను. ఆదివారాలు సహాయ నంబరు నా ఫోన్‌కే కలుపుతారండీ."

పదిహేడేళ్ళ ఉద్యోగం కవిగారి కళ్ళముందు గిర్రున తిరిగింది. అబద్ధం కోసం వెతికారు గానీ, చేతికి ఒక్కటీ అందలేదు. "తిట్టింది నేనేనండీ" అన్నారు, తల దించకుండానే. "రాసిందీ నేనే."

మేనేజరమ్మ లోపలికొచ్చి, ఒక గరిటెడు సూపు చిన్న గిన్నెలో పోసుకుని, ఊదుకుని, తాగింది.

"బాగాలేదని రోజుకి నలభై ఫోన్లొస్తాయి. ఎక్కడ బాగాలేదో చెప్పింది మాత్రం మీరొక్కరే. రేపట్నుంచి ప్రతి ప్యాకెట్టూ ముందు మీరే వండండి, వండాకే రాయండి. దానికో కొత్త హోదా కూడా ఆలోచిస్తాను."

"నేను ముందే చెప్పలా!" అంది టైలరక్క, గిన్నె ముందుకు చాపుతూ.

మూడింటికి భార్య వచ్చేసరికి పెద్ద గిన్నె ఖాళీగా ఉంది. కవిగారి ఛాతీ మాత్రం ఉబ్బి ఉంది. జరిగిందంతా విని ఆవిడ కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఫిర్యాదు చేసిన అరగంటలో మేనేజరు స్వయంగా ఇంటికొచ్చే కంపెనీ లోకంలో ఇంకొకటుంటే చూపించమని ఆయన ఇప్పటికీ అందరితో సవాలు చేస్తుంటారు.