గాసి సమాజానికి చేసిన సేవ

1974లో మా కొండ సంతకు పోలీసు ఔట్‌పోస్టు వచ్చింది. ఏడాది తిరిగినా ఒక్క నేరమూ నమోదు కాలేదు. ఇక్కడి గూడేల్లో ఎవరూ ఇంటికి తాళం వెయ్యరు. నెలలోగా కేసు లేకపోతే ఔట్‌పోస్టు ఎత్తేస్తామని హెడ్డు కానిస్టేబులు సింహాచలానికి పైనుంచి తాఖీదు అందింది.

సరిగ్గా అప్పుడే సమాజశాస్త్ర లెక్చరరు వరహాలరావు గారు పరిశోధన నిమిత్తం పట్నం నుంచి దయచేశారు. సంతలో సభ పెట్టించుకుని సెలవిచ్చారు: "నేరమనేది సమాజానికి ఆరోగ్యం! ఒకణ్ణి దోషిగా నిలబెడితేనే తక్కినవారంతా ఒక్కటవుతారు. నేరస్థుడు లేని ఊరు నాగరికతకు దూరం!" ఏడేళ్లుగా మాటల్లేని అడ్డాకుల కంట్రాక్టరూ, ఉప్పు షావుకారూ చెరో మూల నుంచి చప్పట్లు కొట్టారు.

మర్నాడు వరహాలరావు గారు గెడ్డలో స్నానం చేసి, చేతిగడియారం రాతిమీదే మరిచిపోయారు. భార్య సోములమ్మతో దుంపలు తవ్వుకొస్తున్న గూడెం మనిషి గాసి దాన్ని చూశాడు. గాసికి టైము చూడటం రాదు. పోగొట్టుకున్నవాడు వెతుక్కుంటూ ఉంటాడని మాత్రం తెలుసు. బుట్ట సోములమ్మకిచ్చి, మూడు కోసులు నడిచి ఔట్‌పోస్టుకు వచ్చాడు.

"బాబూ, గెడ్డకాడ రాతిమీద దొరికింది. ఎవులదో, పాపం. బేగి ఇచ్చీండి."

"దొరికిందా? గడియారాలు రాళ్లమీద కాత్తాయేటిరా?" అంటూ సింహాచలం పరమానందంగా కొత్త రిజిస్టరు తెరిచాడు.

ఆ సాయంత్రానికి సమాజం ఒక్కటైంది. కంట్రాక్టరూ షావుకారూ ఒకే బల్లమీద కూర్చుని టీ తాగుతూ, కాలం పాడైపోయిందని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎవరూ అడక్కముందే ఇద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు.

సోములమ్మ వెళ్లి వరహాలరావు గారి బస ముందు నిలబడింది.

"బాబూ, రాయిమీద నువ్వే పెట్టి మరిసిపోనావని ఒక్క మాట సెప్పు. మా ఓణ్ణి ఒగ్గేత్తారు."

ఆయన ఒక్క క్షణం తడబడిన మాట నిజం. వెంటనే సర్దుకున్నారు. "చూడమ్మా, నేను మరిచిపోయానంటే ఇంతమంది ఐకమత్యం ఏం కావాలి?"

"ఐకమత్తెం అంటే ఏటి బాబూ?"

ఆమెకు అర్థమయ్యే మాట దొరకనందుకు ఆయన నిజంగా విచారించారు.

గాసికి మూడు నెలలు పడ్డాయి. ఔట్‌పోస్టు నిలిచింది. వరహాలరావు గారి వ్యాసానికి మంచి పేరు వచ్చింది. కాపలా కాసే మనిషి లేక సోములమ్మ చోడి చేను అడవిపందుల పాలైంది. వ్యాసంలో ఆ సంగతికి చోటు చాలలేదు.

గాసి తిరిగొచ్చిన రోజు సోములమ్మ అంబలి పోస్తూ అడిగింది. "అక్కడ ఏటి నేర్పినారు?"

"దొంగా అని పిలిత్తే పలకడం," అన్నాడు గాసి.

ఇప్పుడతను ప్రతి సంతకూ వచ్చి ఔట్‌పోస్టులో వేలిముద్ర వేసి వెళ్లాలి. అతను కనబడగానే, తూకంలో చేతివాటం చూపించే షావుకారు గబుక్కున తన సంచి దగ్గరకు లాక్కుంటాడు. ఆ క్షణంలో ఆయన ముఖాన వెలిగే నిజాయితీ చూసి తీరాలి. నేను చాలాసార్లు చూశాను, నా జేబు తడుముకుంటూ. గాసి ఏ తప్పూ చెయ్యలేదని మీకు తెలుసు. అయినా ఒకసారి మా సంతకు రండి, మీ చెయ్యి ఎక్కడికి పోతుందో చూద్దాం.