బోర్లించినా పడని నురగ

ఆ ఆదివారం పొద్దున కల్పన పెట్టుకున్న పని చాలా చిన్నది. గుడ్లు పగలగొట్టాలి, తెల్లసొన గిలక్కొట్టాలి, చక్కెర పొడి కలిపి ఓవెన్‌లో పెట్టాలి, మధ్యాహ్నానికల్లా ఆడబిడ్డ నోట్లో వేయాలి. ఇందులో పాలకుర్తి ఊరికి చేయవలసిన పనేమీ లేదు. కానీ ఊరన్నాక దానికీ ఏదో ఒక పని ఉండాలి కదా, అందులోనూ సెలవు పూట.

అసలు తగవంతా ఓవెన్ దగ్గర మొదలైంది. ముచ్చటపడి జనగామలో కొనుక్కొచ్చిన ఆ నల్ల డబ్బా వంటింటి గట్టు మీద సగం చోటు తినేసింది. అందులో మొదటిసారి చేసిన కేకును పగలగొట్టడానికి రోకలి తీయవలసి వచ్చింది. రెండోసారి చేసినదాన్ని దొడ్లో దూడకు పెడితే అది మూతి తిప్పుకుంది. సకినాలు చుట్టడంలో నాలుగూళ్లలో పేరున్న అత్త యాకమ్మ ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుని, చివరికి తీర్పు చెప్పేసింది.

"ఐతారం మంజుల వస్తున్నది. నువ్వు చేసింది తిని అది బాగున్నదంటె డబ్బా ఉంటది. లేకుంటె పోయేటప్పుడు అదే పట్టుకపోతది. దానింట్ల జాగ మస్తున్నది."

మంజుల యాకమ్మ పెద్దబిడ్డ, మహబూబాబాద్‌లో కాపురం. ఆ జాగ ఎంత ఉందో కొలిచి మరీ పెట్టుకుందని కల్పనకు తెలుసు. అందుకే రాత్రి ఫోన్లో వీడియోలన్నీ జల్లెడపట్టి, తెల్లసొన నురగను ఆరబెట్టి చేసే మెరాంగ్ కుకీలు ఎంచుకుంది. వాటిలో పిండి లేదు, నెయ్యి లేదు. గట్టిపడితే తప్పు కాదు, గట్టిపడాల్సిందే. తన చేతికి తగిన వంట ఇన్నాళ్లకు దొరికిందనుకుంది.

యాకమ్మ బిడ్డను తీసుకురావడానికి బస్టాండుకు బయలుదేరగానే పని మొదలైంది. గిన్నెకు రవ్వంత జిడ్డు కూడా ఉండకూడదని వీడియోలో చెప్పారు కాబట్టి నిమ్మచెక్కలతో తుడిచి, ఆ చెక్కలు గడప పక్కన పడేసింది. గుడ్డు పెంకులు పళ్లెంలో కుప్ప పోసింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే మొగుడు భాస్కర్ వారానికోసారి ఇంటికొచ్చేది విశ్రాంతి కోసమే. వెనక వాకిట్లో పీట వేసి అతన్ని కూర్చోబెట్టి, గిన్నె, తీగల గరిటె చేతికిచ్చింది.

"గిది ఎంతసేపు కొట్టాలె?"

"నిలవడేదాక."

"నా చెయ్యి పడిపోయేటట్టున్నది గదనే!"

"ఇంకో చెయ్యి ఉన్నది గద, దానితోని కొట్టు."

మొదట సబ్బు నురగ లాంటిది వచ్చింది. చెంచా చెంచా చక్కెర పడే కొద్దీ అది చిక్కబడింది, మెరుపు తేలింది. గిన్నె అడుగున నీళ్లలా కదలాడిన సొన అంచు దాటి పొంగుకొచ్చింది. గరిటె పైకెత్తితే కొన వంగి, అలాగే నిలబడిపోయింది. ఆకాశాన్ని అంటే పొగగొట్టాల కింద రోజూ తిరిగే భాస్కర్ దేనికీ అంత తొందరగా నోరు తెరిచే మనిషి కాదు. ఇప్పుడు గిన్నెలోకి చూస్తూ తెరిచిన నోరు మూయడం మరిచిపోయాడు.

"వారెవ్వ! గింత తెలుపు గుడ్డుల యాడ దాగున్నదే?"

కల్పనకూ ఒళ్లు జల్లుమంది. ఇన్నేళ్లుగా గుడ్లు ఉడకబెట్టింది, పొరట్లు వేసింది. లోపల ఇంత సంగతి ఉందని ఒక్క గుడ్డూ చెప్పలేదు.

అది తయారైందో లేదో తెలియాలంటే గిన్నెను తల మీద బోర్లించాలి. వీడియోలో వంట చేసినామె తన తల మీదే బోర్లించుకుని చూపించింది. కల్పన అప్పుడే తలకు పోసుకుంది. కాబట్టి మొగుడి తల వాడుకుంది. ధైర్యం చాలక ముందు అతని కుడి భుజం మీదుగా వంచింది, తర్వాత ఎడమ భుజం మీదుగా వంచింది, ఆపైన నడినెత్తిన బోర్లించింది. పెదవులు "పడొద్దు, పడొద్దు, పడొద్దు" అని గొణుగుతూనే ఉన్నాయి. భాస్కర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నురగ పడలేదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి భూలక్ష్మి కరివేపాకు కోసం గోడ మీద నుంచి తొంగి చూసింది. పగిలిన గుడ్లు, గడప పక్కన నిమ్మచెక్కలు, కళ్లు మూసుకున్న మగమనిషి, అతని తల చుట్టూ తిరుగుతున్న గిన్నె, ఆడమనిషి పెదవుల మీద మంత్రం. ఇది దిష్టి తీయడమని ఆ ఊళ్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. దిష్టి తీసేటప్పుడు పలకరిస్తే అది పలకరించినవాళ్లకు చుట్టుకుంటుందని కూడా అందరికీ తెలుసు. అందుకని ఒక్క మాట అడిగితే తేలిపోయే సంగతిని భూలక్ష్మి అడగకుండా, కరివేపాకు కూడా కోయకుండా, చప్పుడు చేయక వెనక్కి తిరిగింది. ఆ బిగబట్టిన నోరు బజారు దాకా ఆగింది.

"భాస్కర్‌కు పానం బాగలేనట్టున్నది. పెండ్లాం దిష్టి తీస్తున్నది" అని ఆమె ఆటో నడిపే వేణుతో చెప్పింది. "రాత్రి డ్యూటీల ఏదో జూసి జడుసుకున్నడట" అని వేణు ఆటోలో ఎక్కినవాళ్లతో చెప్పాడు. ఆటో బస్టాండు చేరేసరికి భాస్కర్ మూడు రోజులుగా మెతుకు ముట్టడం లేదు. పొద్దున్నే అతను తలకాయ కూరతో రెండు పళ్లేలు లాగించిన సంగతి ఆటోలో ఎవరికి తెలుసు? మహబూబాబాద్ బస్సు దిగిన మంజుల, ఆమె చేతిసంచి అందుకుంటున్న యాకమ్మ ఆ కబురు వింటూనే అదే ఆటోలో కూలబడ్డారు.

ఇంట్లో ఇదేమీ తెలియని కల్పన సగం నురగను చిన్న చిన్న గోపురాల్లా పళ్లెంలో పెట్టి ఓవెన్‌లోకి తోసింది. డబ్బా చిన్నది, మిగతా సగం గిన్నెలోనే ఉండిపోయింది. ఇంతలో భాస్కర్ ఫోను మోగింది. చెల్పూర్ నుంచి చిరంజీవి, అతనితో పనిచేసేవాడు. ఆ చిరంజీవి అత్తగారిల్లు పాలకుర్తే.

"అన్నా, పరేషాన్ గాకు. నాకంత తెల్సింది. రేపటి డ్యూటీ నేను చేస్త, నువ్వు ఇంటికాడనే పండుకో. మల్ల రాత్రిపూట ఆ బాయిలర్ దిక్కు ఒక్కనివి పోకు."

నెల రోజులుగా డ్యూటీ మార్చుకోమని బతిమాలితే వినని చిరంజీవి! అతనికి తెలిసిందేమిటో భాస్కర్‌కు అంతుబట్టలేదు. అయినా నడిచొచ్చిన భాగ్యాన్ని నిలదీసి అడగడం మర్యాద కాదని, గొంతు కొంచెం నీరసంగా పెట్టి, "సరే తమ్మీ" అన్నాడు.

ఫోను పెట్టేలోగా వాకిలి నిండిపోయింది. ముందు యాకమ్మ, వెనక మంజుల, ఆ వెనక సగం వాడ.

"నా కొడుకో! ఎవ్వరి కండ్ల వడ్డవు కొడుకో!" యాకమ్మ భాస్కర్ మొహమంతా తడిమింది.

"అవ్వా, నాకేం గాలే!"

"అందరు గట్లనే అంటరు బిడ్డా" అన్నాడు వాడలో అందరికన్నా పెద్దవాడైన మొండయ్య తాత, అన్నీ చూసినవాడిలా.

కల్పన అడ్డం వచ్చింది. "అత్తమ్మా, గిది దిష్టి కాదు. తినేది. మెరాంగ్."

"దిష్టి తీసింది తింటరానే!"

"తియ్యలే అత్తమ్మా! పడుతదా లేదా అని చూసిన. గిట్ల..." అంటూ గిన్నెను అందరి ముందూ బోర్లించింది.

యాకమ్మ ఏడుపు సగంలో ఆగిపోయింది. గిన్నె తలకిందులుగా ఉంది. అందులోని తెల్లటి కుప్ప, కింద పడడమనే ఆచారమే తనకు తెలియనట్టు, ఎక్కడిది అక్కడే ఉంది. యాకమ్మ మెల్లగా వంగి, గిన్నె కిందికి తల పెట్టి, పైకి చూసింది. ఉడికిన గుడ్డూ చూసింది, పొదిగిన గుడ్డూ చూసింది, ఆమెకు గుడ్డు గురించి తెలియనిది లేదు. ఇప్పుడు ఆ కళ్లు చిన్నపిల్ల కళ్లయ్యాయి.

"ఉత్త గుడ్డేనానే ఇది?"

"ఉత్త గుడ్డే. చక్కెర, నిమ్మరసం. ఇంకేం లేదు అత్తమ్మా."

మొండయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "గింత బతుకుల గిసొంటిది సూడలే" అని వచ్చి పీట మీద కూర్చున్నాడు. "నాకోసారి తియ్యి బిడ్డా. మోకాలు గుంజుతున్నది."

కాదని ఎంత చెప్పినా లేవలేదు. పెద్దమనిషి మాట తీసేయలేక కల్పన బోర్లించింది. పడలేదు. మొండయ్య లేచి నాలుగడుగులు వేసి, "అల్కగైంది" అన్నాడు. ఇంకేముంది, వరస కట్టారు. భూలక్ష్మి నడుము నొప్పికి కూర్చుంది. వేణు కొత్త టైర్లకు దిష్టి తగిలిందని కూర్చున్నాడు. ఆ నురగను ఆలస్యం చేస్తే నీళ్లొదులుతుందని కల్పనకు తెలుసు. గిన్నె అంచున తడి చేరడం కూడా చూసింది. కానీ తన చేతి వంటను చూసి జనం ఇలా నోరు తెరవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. సంతోషంతో ఆపలేకపోయింది.

మంజుల మాత్రం మూతి విరిచింది. "ఏందే గీ తమాష? జర నా తల మీద బోర్లియ్యి, జూస్త."

"వద్దు వదినె, నీళ్లొదుల్తున్నది."

"ఊరందరికి తీస్తవు, ఆడబిడ్డకు తియ్యవా?"

కల్పన బోర్లించింది. నురగ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నిదానంగా, ఏ తొందరా లేకుండా జారి, మంజుల నడినెత్తిన కూర్చుని, చెవుల దాకా దిగింది. పైన కొన మాత్రం చక్కగా నిలబడే ఉంది.

ఎవరూ నవ్వలేదు. అదే మంజులకు ఎక్కువ భయం పుట్టించింది.

"అందరిది తీసుకుంట తీసుకుంట, నిండి పడ్డది" అన్నాడు మొండయ్య ఒకడుగు వెనక్కి వేసి.

"కాదు తాతా. ఆ డబ్బా మీద మంజుల కన్నున్నది గద. దాని దిష్టి దానికే కొట్టింది" అంది భూలక్ష్మి.

మంజుల రెండు చేతులతో తల పట్టుకుని లేచింది. "ఆ డబ్బా నాకొద్దు! వట్టిగిచ్చినా వద్దు!" అంటూ బావి దగ్గరికి పరుగెత్తింది.

కల్పన గుండె కుదుటపడేలోగా యాకమ్మ గొంతు లేచింది. "దానికే గాదు, మనింట్ల గూడ వద్దు. దిష్టి సొమ్ము చేరిన పొయ్యి! రేపు వేణు ఆటోల ఏసి యాడనన్న ఇచ్చొస్త."

అప్పుడు ఓవెన్ టింగుమంది.

కల్పన కళ్ల నీళ్లతోనే తలుపు తీసింది. లోపల చిట్టి చిట్టి తెల్లటి గోపురాలు. ఒక్కటీ కుంగలేదు, ఒక్కటీ మాడలేదు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. పళ్లెం బయటికి తెస్తే వాకిలంతా మెడలు చాచి చూసింది. జాజిపూలు ఎండలో ఆరబోసినట్టున్నాయని ఎవరో అన్నారు. కానీ ఒక్క చేయీ ముందుకు రాలేదు. దిష్టి తీసినదాన్ని నోట్లో పెట్టుకునే మొనగాడు అక్కడ ఎవరున్నారు? భాస్కర్ చేయి చాచబోతే యాకమ్మ ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది.

"ముట్టకు! మూడు బాటల కాడ పారబోసొస్త. ఎవ్వరు నా ఎంట రావద్దు. ఎనుకకు సూడొద్దు."

పళ్లెం మీద కొంగు కప్పి వెళ్లిపోయింది. జనం ఇళ్లకు సర్దుకున్నారు. కల్పన గడప మీద కూలబడింది. ఇన్నాళ్లకు చేతికి వచ్చిన వంట! ఒక్కటంటే ఒక్కటి తనైనా రుచి చూడలేదు. మూడు బాటలు వీధి చివరే. అయినా యాకమ్మ ఎంతకీ రాలేదు. పొద్దు వాలాక వచ్చింది, ఖాళీ పళ్లెంతో, నిదానంగా. కల్పన లేచి కాళ్లకు నీళ్లిచ్చింది. కాళ్లు కడుక్కుంటున్న అత్త మొహం వైపు చూసి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

యాకమ్మ ఆ చూపు పట్టించుకోకుండా వంటింటి గట్టు వైపు చూసింది. "పోరనికి దిష్టి పురాగ పోలే. వచ్చే ఐతారం మల్ల తియ్యాలె."

"మరి డబ్బా, అత్తమ్మా?"

"డబ్బా లేకుంటె దిష్టి యాడ కాలుస్తవే? గుడ్లు జర ఎక్కువనే తెప్పియ్యి. ఊరందరి దిష్టి, ఒక్క పళ్లానికి తీరేది గాదు."

కల్పన అలాగేనని తలూపి, అత్త పెదవి మూలన తెల్లగా అంటుకుని ఉన్న దిష్టిని కొంగుతో తుడిచింది.