కనుమ దాటిన మొదటి డ్రైవరు

"ఈ చలికాలం లాస్ వికున్యాస్ కనుమ ఒక్క పూట కూడా మూతపడదు! మంచు పడితే పడనివ్వండి, మేం రెడీ!"

పర్వత మార్గాల శాఖ మంత్రి ఒనొరాతో బుస్తింగొర్రి గారు గురువారం పొద్దున్న కనుమ దారి గేటు దగ్గర మైకు పట్టుకుని చేసిన ప్రకటన ఇది. ఆండీస్ కొండల్లో ఇంతవరకూ ఏ మంత్రీ ఇంత మాట అనలేదు. అనాలంటే గుండె ఉండాలి మరి.

అప్పటికి ఆకాశం నిర్మలంగా ఉంది. రోడ్డు పొడిగా ఉంది. చిలీ వైపు వెళ్లే లారీల్లో అందరికంటే ముందున్నది నసారియో కిరోగా బండి. శనివారం చిలీలో అతని ఒక్కగానొక్క కూతురు యానినా పెళ్లి. భార్య ఎల్విరా వారం ముందే వెళ్లి ఏర్పాట్లు చూస్తోంది. పిల్ల చెయ్యి పట్టుకుని చర్చిలో పీఠం దాకా నడిపించాల్సింది తండ్రి. ఇప్పుడు గేటు ఎత్తితే వెల్లుల్లి లోడుతో సహా చీకటి పడేలోగా అవతల ఉంటాడు. మధ్యాహ్నం దాటితే మంచు తుఫానని రేడియో మొత్తుకుంటోంది.

మంత్రిగారి కార్యదర్శి ఫాకుందో పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, నీ పంట పండింది! చలికాల ప్రణాళిక కింద కనుమ దాటే మొదటి డ్రైవరువి నువ్వే!"

"సంతోషం బాబూ. గేటెత్తు, దాటేస్తా."

"అలా ఊరికే దాటేస్తే ఎలా? ప్రారంభోత్సవం చెయ్యొద్దూ?"

బండి ముందు రిబ్బను కట్టారు. బ్యాండు వాయించారు. తర్వాత మంచులో జారకుండా చక్రాలకు గొలుసులు తొడిగే కార్యక్రమం. పొడి రోడ్డు మీద గొలుసులేమిటని నసారియో అడిగాడు.

"మంచు పడ్డాక తొడగడం ఎవడికైనా వచ్చు," అన్నారు మంత్రిగారు. "పడకముందే తొడగడం, అదయ్యా ముందుచూపు!"

నసారియో కింద పడుకుని గొలుసు బిగిస్తుంటే, మంత్రిగారు తెల్లని తొడుగులేసుకున్న వేళ్లతో దాని కొస పట్టుకున్నారు. ఫొటోలు తీశారు. అంతలో టీవీ వాళ్లు ఆలస్యంగా దిగారు. వాళ్లకోసం గొలుసులు విప్పించి మళ్లీ తొడిగించారు. ఈసారి మంత్రిగారి ముఖంలో బాగుండే వైపు కెమెరాకి పడలేదని మూడోసారి కూడా అయింది. ప్రజలకోసం ఒకే పని అన్నిసార్లు విసుక్కోకుండా చేసే నాయకుణ్ణి ఎక్కడ చూస్తాం?

"అయ్యా, మబ్బు దిగుతోంది," అన్నాడు నసారియో. "నా కూతురి పెళ్లండీ. దణ్ణం పెడతా, వదిలెయ్యండి."

"పెళ్లా? ఇంత మంచి వార్త ఇప్పుడా చెప్పడం!" అని మంత్రిగారు ఉప్పొంగిపోయి, ఆ పెళ్లి మీద ఇంకో ఉపన్యాసం అందుకున్నారు. వెనక లారీలవాళ్లు కోపంతో హారన్లు మోగించారు. మంత్రిగారు దాన్ని హర్షధ్వానంగా స్వీకరించి, ఉపన్యాసం కొంచెం పొడిగించారు.

చివరికి రిబ్బను తెగింది. మంత్రిగారు జెండా ఊపారు. బండి నాలుగు బారలు కదిలింది, ఫొటో పడింది. తొలి మంచు అద్దం మీద పడ్డదీ అప్పుడే. గేటు సార్జెంటు అడ్డొచ్చి చెయ్యెత్తాడు. "పైన దారి కనపడట్లేదట. కనుమ మూసేశాం."

"మూశామనకూడదు," అని మంత్రిగారు మందలించారు. "తెరిచే ఉంది. వెళ్లకూడదు, అంతే."

మర్నాటికి తుఫాను తెరిపిచ్చింది గానీ రోడ్డు నడుంలోతు మంచు కింద ఉంది. విమానం టిక్కెట్లు ఒక్కటీ దొరకలేదు. మంత్రిగారు ప్రభుత్వ విమానంలో చిలీ వెళ్తున్నారని తెలిసి, నసారియో ఆయన కారుకి అడ్డంపడ్డాడు.

"ఒక్క సీటిప్పించండి సారూ! బండిని తోటివాళ్లు చూసుకుంటారు. పిల్ల ఎదురుచూస్తుంటుంది."

"సీట్లు ఖాళీయే. కానీ నీకు సీటెందుకయ్యా? నువ్వు లారీలో వస్తున్నావు కదా!"

"మంచులో ఎలా వస్తాను సారూ?"

"నువ్వు విమానంలో దిగితే ప్రణాళిక ఏం కావాలి? అసలు నేను వెళ్తున్నదే నీకు అవతల స్వాగతం చెప్పడానికి. త్వరగా వచ్చెయ్."

కారు వెళ్లిపోయింది.

శనివారం ఎల్విరా ఫోను చేసింది. "ఎక్కడ తాగి పడున్నావయ్యా?"

"గేటు దగ్గరే ఉన్నానే! ఒట్టు!"

"చాల్లే. గురువారమే దాటేశావని రేడియోలో చెప్పారు. మంత్రిగారు పూలదండ పట్టుకుని మా పక్కనే ఉన్నారు. నీకు జెండా ఊపింది తానేనంటున్నారు. అంత పెద్దాయన అబద్ధమాడతారా? ఎవత్తె దగ్గరున్నావో చెప్పు!"

ఫోను యానినా లాక్కుంది. "నాన్నా, ఫాదర్ ఇంక ఆగనంటున్నారు. తర్వాత ఇంకో పెళ్లుందట. నువ్వు వీధి మలుపులో ఉన్నావా? ఉన్నానను నాన్నా."

"లేనమ్మా," అన్నాడతను. అటునుంచి వెక్కిళ్లు వినిపించాయి, తర్వాత పెళ్లి వాద్యం, ఆ వెంటనే లైను తెగిపోయింది.

సోమవారం పేపర్లొచ్చాయి. గేటు దగ్గర మాతే ఆకుల టీ తాగుతున్న డ్రైవర్లు మొదటి పేజీని ఒకరి చేతినుంచి ఒకరు అందుకుని చూశారు. తెల్లగౌనులో యానినా, ఆమె చెయ్యి పట్టుకుని పీఠం వైపు నడుస్తూ ఓ పెద్దమనిషి. ముఖం పిల్ల ముసుగు చాటున సగమే పడింది. చేతులకు తెల్లని తొడుగులున్నాయి.

"పిల్ల బంగారంలా ఉంది నసారియో," అన్నాడు ముసలి డ్రైవరొకడు. "పక్కనున్నది ఎవరు?"

నసారియో పేపరు దగ్గరగా పెట్టుకుని బొమ్మ కింది అక్షరాలు పైకి చదివాడు: "చలికాల ప్రణాళిక ఘనవిజయం. కనుమ దాటి, సకాలంలో కూతుర్ని పీఠం దాకా నడిపించిన లారీ డ్రైవరు నసారియో కిరోగా."

చాలాసేపు పిల్ల ముఖమే చూశాడు. ఆమె కళ్లు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"నేనే," అన్నాడు.