కాంక్రీటు అతుకు, పుల్లమ్మ కాయలు

ఆ ఉదయం హుస్సేన్ సాహెబ్ మేస్త్రీ పెట్టుకున్నది చిన్న పని. సత్తెనపల్లి రోడ్డులో గుంతకు వేసిన కాంక్రీటు అతుకు మీద తడి గోనెలు కప్పాలి. పైన పట్టా పరవాలి. వారం రోజులు ఎవరినీ ఎక్కనీయకూడదు. ఇదే గుంతకు ఇంతకుముందు రెండుసార్లు అతుకు వేశాడు. రెండుసార్లూ మూడో రోజుకే బీటలు వచ్చాయి. ఈసారి పగిలితే ఇక పనిలోకి రావద్దని ఇంజినీరు వేణుగోపాల్ చెప్పేశాడు.

సాహెబ్ పట్టా పరిచి, ఎర్ర గుడ్డలు కట్టి, టీ తాగి వచ్చాడు. పట్టా కూడా ఎర్రగా ఉంది. రోడ్డు పక్క ఇంటి పుల్లమ్మ దాని మీద మిరపకాయలు ఆరబోసింది. మిర్చి కాలంలో ఆ ఊళ్ళో పట్టా పరిచి కనిపిస్తే అది కల్లమే. ఎవరిదని అడగరు.

"ఇది కాంక్రీటుకు కప్పిన పట్టా, పుల్లమ్మా. కాయలు తియ్."

"ఈ ఎండల్లో కాంక్రీటుకు చలేస్తుందా, సాయిబూ?"

"తడి ఆరిపోతే పగులుద్ది."

"తడి తగిలితే నా కాయలు బూజు పడతయ్. నీ తడి కింద పెట్టుకో. పైన నాది."

సాహెబ్ అంచు ఎత్తి గోనెల మీద నీళ్ళు పోశాడు. నాలుగు కాయలు తడిశాయి. పుల్లమ్మ కర్ర తెచ్చుకుని అక్కడే కూర్చుంది. అది చూసి పక్కిళ్ళ ఆడవాళ్ళు, కరీమున్ ఎగువన, పేరమ్మ దిగువన, రోడ్డు మీదే తమ కాయలు పోశారు. చుట్టూ రాళ్ళు పేర్చారు, కంప అడ్డం వేశారు. మధ్యాహ్నానికి రోడ్డు మూసుకుపోయింది. చీమకుర్తి నుంచి రాయి మోసుకొచ్చిన లారీ హారన్ కొట్టింది.

"ఒక్క కాయ నలిగినా నీ టైర్లో గాలి ఉండదు," అంది పుల్లమ్మ.

లారీ చుట్టు దారిన పోయింది.

మర్నాడు వేణుగోపాల్ జీపులో వచ్చాడు. "ఒక రోజు అయింది కదా. బండ్లను వదిలెయ్."

సాహెబ్‌కు అప్పుడు తట్టింది. ముందు రెండుసార్లూ మర్నాడే ఈ మాట అన్నాడు. తాను తలూపి గుడ్డలు విప్పాడు. లారీలు ఎక్కాయి. బీటలు మాత్రం తన పనితనం కింద రాశారు.

"వదలను సార్."

"ఏంటీ?"

"పచ్చి కాంక్రీటు మీద లారీ ఎక్కితే పగలక ఏం చేస్తది? వారం దాకా వదలను. కావాలంటే ఇప్పుడే తీసెయ్యండి నన్ను."

"ముందు ఆ కాయలు తీయించు."

"మీరే అడగండి."

వేణుగోపాల్ పుల్లమ్మను చూశాడు. కర్రను చూశాడు. జీపెక్కాడు.

సాహెబ్ వచ్చి పుల్లమ్మకు ఎదురుగా రాయి మీద కూర్చున్నాడు. "ఈ మూల ఎత్తి నీళ్ళు పోయాల. కాయలు కాస్త అటు లాగు."

"అట్టా అడిగి చావు మరి," అని ఆమె లాగింది.

ఎనిమిదో రోజు కాయలు ఎత్తారు. పట్టా తీశారు. అతుకు మీద వెంట్రుకంత గీత కూడా లేదు. ఇంజినీరు వంగి తడిమి చూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సాహెబ్‌కు ఫోన్ చేశాడు. అద్దంకి దారిలో ఇంకో గుంత ఉందట. సిమెంటు ఎన్ని బస్తాలు కావాలో అడగలేదు. పుల్లమ్మకు ఆరబెట్టాల్సిన కాయలు ఇంకేమైనా మిగిలాయా అని అడిగాడు.