వెనక గేరులో కానుగదిబ్బ

ఎల్లమంద వేలంలో కొన్న పాత చైను ట్రాక్టరును వెనక్కి నడిపితే, అరవై ఏడేళ్ళ కిందట అది చదును చేసిన ఊరు తొమ్మిదడుగుల వెడల్పున మళ్ళీ పైకి లేచేది. ఈ సంగతి బండి వచ్చిన నాలుగో రోజున తెలిసింది. అంతకుముందు మూడు రోజులూ తుప్పు గీకడానికే సరిపోయాయి.

ఎల్లమందకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ బండి కాలువల శాఖ యార్డులో జిల్లేడు మొక్కల మధ్య పడి ఉంది. చక్రాలకు బదులు ఇనుప పట్టీల చైన్లు, ముందు తొమ్మిదడుగుల బ్లేడు, స్టీరింగు ఉండాల్సిన చోట రెండు లివర్లు. అతని తండ్రి గురవయ్య ఆ దారిన వెళ్ళినప్పుడల్లా చెప్పులు విడిచి దానికి దణ్ణం పెట్టేవాడు. మనకి నీళ్ళిచ్చిన బండిరా, అనేవాడు. ఆ బండే కానుగదిబ్బ అనే పదమూడిళ్ళ పల్లెను నేలమట్టం చేసి ఆ మట్టిని కాలువ కట్టకు పోసిందని, ఊరు ఖాళీ చేసి పోతుంటే మూడో రోజున ఎడ్లబండి కింద తాను పుట్టానని కూడా ఆయనే చెప్పేవాడు. రెండూ ఒకే గొంతుతో చెప్పేవాడు. ఏ దరఖాస్తులోనైనా పుట్టిన ఊరు అనే గడి వస్తే ‘దారిలో’ అని రాసేవాడు. ఆ పేరుతో ఊరు లేదని గుమాస్తాలు కొట్టేసేవారు. ఆయన మళ్ళీ అదే రాసేవాడు.

ఆయన పోయిన మూడేళ్ళకు బండిని తుక్కు కింద వేలం వేస్తున్నారని పేపర్లో పడింది. తండ్రి దణ్ణం పెట్టిన వస్తువు తుక్కు కొట్టుకు పోవడం ఎల్లమందకు మనసొప్పలేదు. పిండిమర నడుపుకునే మనిషికి అదెందుకని భార్య శేషారత్నం ఒకసారి అడిగింది. సమాధానం విని, బండికి రాయడానికి పసుపు తడపడానికి వెళ్ళింది. బండిని లారీ మీద తెచ్చి, కాలువ పక్కనున్న వాళ్ళ రెండెకరాల చెక్కలో దించారు. కానుగదిబ్బ ఉన్న చోటు అదే. కట్టకు మట్టి పోయాక మిగిలిన చదును నేలను ఊరు పోయిన వాళ్ళకు పంచినప్పుడు ఆ చెక్క వాళ్ళ వాటాకు వచ్చింది.

బండి బాగోగులు చూడటానికి సిలార్ సాహెబు ఒప్పుకున్నాడు. కాలువల శాఖలో మెకానిక్కుగా పనిచేసి దిగిపోయిన డెబ్భై ఆరేళ్ళ మనిషి. వస్తూనే చైను కింద చెయ్యి పెట్టి చూశాడు.

“చైను రెండు వేళ్ళ మందం వేలాడాలి అబ్బాయా. నీది జానెడు వేలాడతంది. రోజూ రోలర్లకు గ్రీజు పట్టియ్యాలి. ముందు పక్కనున్న పిల్లింజను పెట్రోలు మీద తిప్పు. అది వేడెక్కినాక పెద్దింజను అందుకుంటది. తొందరపడితే తన్నుద్ది. పెద్దోళ్ళని నిద్ర లేపినట్టు లేపాలి దీన్ని.”

మూడో రోజు సాయంత్రం పెద్దింజను అందుకుంది. ఆ చప్పుడుకు కాలువ గట్టు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. అయితే ముందు గేరు పడలేదు. సిలార్ సాహెబు గేరు పెట్టె విప్పి చూశాడు. ముందుకు నడిపే పళ్ళు అరిగి గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి. వెనక్కి నడిపే పళ్ళు నిన్న కోసినట్టు పదునుగా ఉన్నాయి.

“డిపార్ట్‌మెంటు బండి గదా,” అన్నాడాయన. “చుట్టు తిరిగొచ్చైనా ముందుకే పొయ్యేది. ఎనక్కి పోయిన రోజు లేదు.”

ఇంటికొచ్చిన బండికి పూజ చేసి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా కదిలించడం ఆనవాయితీ. మర్నాడు బుధవారం, దశమి. మళ్ళీ అంత మంచి రోజు నెలలో లేదు. ముందు గేరు లేదు. ఎల్లమంద కాసేపు ఆలోచించి నిమ్మకాయలను చైన్ల వెనక పెట్టాడు.

“ఎనక పెడితే ఫలితం ఉంటదా?” అంది శేషారత్నం.

“దేవుడికి ముందేది, వెనకేది?” అన్నాడతను. ఆ మాట అని ఉండవలసింది కాదేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

కొబ్బరికాయ కొట్టాక బండి వెనక్కి నడిచింది. నిమ్మకాయలు చిట్లాయి. బ్లేడు వదిలిన చోట నేల పాలు పొంగినట్టు నెమ్మదిగా పైకి వచ్చింది. ముందు దిబ్బ లేచింది, దాని మీద కంప కంచె. తర్వాత మట్టిగోడ, గోడకు ఇంకా ఆరని సున్నం. వాకిట్లో ఆ పొద్దున వేసిన ముగ్గు సగం ఉంది. తక్కిన సగం బ్లేడు వెడల్పుకు అవతల ఉండిపోయింది. పొయ్యిలో నిప్పుంది. పొయ్యి మీద సగం కుండలో జొన్నన్నం ఒలకకుండా ఉడుకుతోంది.

సిలార్ సాహెబు రెండు అరచేతులూ పైకెత్తాడు. శేషారత్నం కొంగు తలమీదికి లాక్కుంది. ఎల్లమంద ఇంజను ఆపి, దిగి, ఎవరికో తెలియకుండానే సాష్టాంగపడ్డాడు. అన్నం ఉడికే చప్పుడొక్కటే వినపడింది.

“గేరాయిలు చూసుకో,” అన్నాడు చివరికి సిలార్ సాహెబు. “ఇంత బరువు ఎత్తింది. వేడెక్కుంటది.”

పాత బండిని రోజుకో అరగంటైనా నడపకపోతే పట్టేస్తుంది. కాబట్టి ఎల్లమంద రోజూ తెల్లారి దీపం పెట్టుకుని, గ్రీజు పట్టించి, చైను బిగువు చూసి, ఒక వరస వెనక్కి నడిపాడు. పదకొండు రోజుల్లో పదమూడిళ్ళూ, కోళ్ళూ, నలభై ఒక్క మంది మనుషులూ పూర్తయ్యారు. వరస అంచున సగమే వచ్చిన వాళ్ళు మర్నాడు తక్కిన సగం వచ్చేదాకా ఉన్నచోటే ఓపిగ్గా నిలబడ్డారు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. బండిని గుర్తుపట్టి ఒక్కటే అడిగారు, ఎప్పటిలోగా ఖాళీ చెయ్యాలని.

ఆఖరి ఇంటి ముందు ఇరవై ఏళ్ళ గర్భిణి నిలబడి ఉంది. నెలలు నిండాయి.

“మూటలు కట్టే ఉన్నయి బాబాయ్,” అంది ఎల్లమందతో. “రోలొక్కటే బరువు. అది వదిలేసి పోవచ్చా?”

“ఇది ఎవరిల్లమ్మా?”

“కుంచాలోళ్ళది. నన్ను వీరనాగమ్మంటారు.”

అది ఎల్లమంద నాయనమ్మ పేరు. అతను వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది.

“తప్పు తప్పు! పెద్దోళ్ళు నాకు మొక్కితే నా ఆయుష్షు తగ్గిపోదూ?”

“నేను నీ మనవణ్ణి. నీ కొడుకు కొడుకుని.”

ఆమె అతని నెరిసిన మీసం వంక చూసి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది. “అయితే లోపలుంది మగోడే. మా అత్త ఆడపిల్లని పందెం కట్టింది.” మళ్ళీ అడిగింది. “యాడ పుట్టాడు?”

ఎల్లమందకు అబద్ధం అలవాటు లేదు. “దారిలో. ఖాళీ చేసిన మూడో రోజున, బండి కింద.”

“అయితే ఖాళీ చెయ్యాల్సిందే అన్నమాట,” అందామె. వాకిట్లో ముగ్గు చెరిగిన చోట కాలితో సవరించింది. “ఈ ఇంట్లో కనాలనుంది బాబాయ్. మా ఆయన పుట్టింది కూడా లోపలి గదిలోనే. మూడు రోజులేగా. ఆగమని అడగరాదూ?”

“అడుగుతా,” అన్నాడు ఎల్లమంద.

మర్నాడు కాలువల శాఖ ఏఈ ప్రసూన వచ్చింది. చిన్న వయసు, మర్యాద తెలిసిన మనిషి. ఊరు లేచినందుకు ఆమె రాలేదు. కట్ట కుంగినందుకు వచ్చింది.

“ఇక్కడ ఎంత లేచిందో అక్కడ అంతే తగ్గిందండీ. లెవెలు తీశాం. పదో తారీఖున నీళ్ళు వదలాలి. కింద పదిహేడు ఊళ్ళు నారు పోసుకుని ఉన్నాయి.”

“ఇక్కడ కూడా ఊరుందమ్మా.”

“ఉందండీ, కనిపిస్తోంది. రికార్డులో మాత్రం ఖాళీ అయిపోయింది. ఖాళీ అయిన ఊరు మళ్ళీ ఉంటే దాన్ని ఆక్రమణ అంటారు. వీళ్ళని చూశాక నాకు ఆ మాట వాడబుద్ధి కావడం లేదు.”

ముందు గేరు బాగుచేయించుకొని తొమ్మిదో తేదీకల్లా ఊరిని మళ్ళీ చదును చేయాలని ఆమె చెప్పింది. కావలసిన పళ్ళు శాఖ స్టోరులో దొరికాయి. ఆ రోజుల నుంచీ నూనె రాసి, గుడ్డ చుట్టి, జాగ్రత్తగా ఉంచారు. ముందు గేరువి నాలుగు జతలున్నాయి. వెనక గేరుది ఒక్కటీ లేదు.

ఎల్లమంద మూడు రోజుల గడువు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. కారణం దగ్గర ప్రసవం అనీ, పుట్టబోయే శిశువు పేరు దగ్గర కుంచాల గురవయ్య అనీ, పుట్టబోయే స్థలం దగ్గర కానుగదిబ్బ అనీ స్పష్టంగా రాశాడు. ప్రసూన రెండుసార్లు చదివింది. నిజంగానే బాధపడింది.

“ఈ శిశువు పోయాడండీ. పట్టా మార్పు కోసం మరణ ధ్రువపత్రం మీరే ఇచ్చారు. చనిపోయిన మనిషి పుట్టడానికి గడువిచ్చే అధికారం నాకు లేదు. పైకి పంపిస్తాను.”

తొమ్మిదో తేదీ పొద్దున పైనుంచి జవాబు వచ్చింది. ‘వచ్చే సంవత్సరం పరిశీలించబడును.’

అప్పటికి గేరు సిద్ధంగా ఉంది. పళ్ళు పీకి కాలువలో పారేస్తే అని ఎల్లమంద అనుకోకపోలేదు. ఆ మాట దేవుడి పటం ముందు కూర్చుని అనుకున్నాడు. పదిహేడు ఊళ్ళ నారు కళ్ళముందు మెదిలింది. చెక్క మూలన పోసుకున్న తన నారు కూడా మెదిలింది. అది ముందు మెదిలిందా, వెనక మెదిలిందా అని తనను తాను అడుక్కుని, నిజం తేలక, లేచి నాయనమ్మ దగ్గరికి వెళ్ళాడు.

జవాబు విని ఆమె తలూపింది. “అందరికీ నీళ్ళొస్తయ్యని అప్పుడు కూడా చెప్పారు. వచ్చినయ్యా?”

“వచ్చాయి. మన చేలోకీ వచ్చాయి. నాన్న ఆ పంట మీదే నన్ను పెంచాడు.”

“అయితే అబద్ధం కాదన్నమాట,” అంది ఆమె, మనసు కుదుటపడినట్టు. “నేను చూళ్ళేదు. అందుకడిగా.”

మధ్యాహ్నానికి బండ్లు కట్టారు. ఎల్లమంద ఆమె ఎక్కే బండికి ఇరుసు నూనె పోసి, గడ్డి మందంగా పరిచి, బండి కింద చుట్టూ టార్పాలిను కట్టాడు. శేషారత్నం ఉతికిన పాత చీరలు రెండూ, వేడినీళ్ళ ఫ్లాస్కూ పెట్టింది. ఊరి ఆడవాళ్ళు వరసగా వచ్చి బ్లేడుకు పసుపు రాసి, కుంకుమ పెట్టారు. మొదటిసారీ అలాగే పెట్టారట. వీరనాగమ్మ నడుము పట్టుకుని కష్టంగా వంగి, చైన్ల ముందు రెండు నిమ్మకాయలు పెట్టింది.

“మొన్న ఎనక పెట్టావంట. అట్టా ఎవరన్నా పెడతారా?” అని మందలించి, బండెక్కింది.

తూము దగ్గర మలుపు తిరిగేదాకా బండ్లు కనిపించాయి. ఆ తర్వాత కనిపించలేదు. ఎల్లమంద లివరు నెట్టాడు. కొత్త పళ్ళు వెన్నలా పడ్డాయి. చీకటి పడేలోగా నేల చదునైంది, కట్ట లేచింది, పదో తేదీన నీళ్ళు వేళకు వచ్చాయి.

ఏ పాత బండికైనా రెండు గేర్లూ ఏడాదికోసారి వాడకపోతే పట్టేస్తాయని సిలార్ సాహెబు అంటే, శాఖవారు కూడా సబబే అన్నారు. కాలువకు నీళ్ళు కట్టేసిన రోజుల్లో ఊరు లేపడానికి, నీళ్ళు వదిలే ముందు చదును చేయడానికి తేదీలు వేసిన కాగితం అప్పటినుంచి ప్రతి ఏడూ వస్తోంది. లేచిన వాళ్ళకు ఖాళీ చేసిన సంగతి మాత్రం గుర్తుంటుంది. తక్కినదంతా వాళ్ళకు మళ్ళీ మొదటినుంచే. వీరనాగమ్మకు నెలలు నిండే ఉంటాయి. ఆమె అడుగుతుంది, ఎల్లమంద దరఖాస్తు పెడతాడు, జవాబు వస్తుంది. మూడో ఏడు నుంచి జవాబును అచ్చు వేయించారు. మొదటి ఏడు ఊరు ఖాళీ కావడానికి ఒక పూట పట్టింది. రెండో ఏడు రెండు గంటలు.

ఇది నాలుగో ఏడు. ఆఖరి వరస నడిపి ఎల్లమంద దిగేసరికి పదమూడిళ్ళలోనూ సామాను వాకిళ్ళలోనే ఉంది. పొయ్యిలు వెలగలేదు. ముగ్గులు లేవు. వీరనాగమ్మ మూటల పక్కన అరుగు మీద కూర్చుని ఉంది.

“విప్పలేదేమమ్మా? ఇంకా వారం ఉంది.”

“విప్పితే మళ్ళీ కట్టుకోవాలిగా బాబాయ్,” అందామె. ఈసారి మూడు రోజుల మాట ఎత్తలేదు. బండి వైపు చూసి, “చైను బాగా బిగిచ్చావే. పోయినేడు కీచుమంది,” అంది.

ఎల్లమంద దరఖాస్తు పెట్టలేదు. అయినా తొమ్మిదో తేదీన జవాబు వచ్చింది. ఆమె నిమ్మకాయలు పెట్టింది. చిట్లిన నిమ్మకాయల వాసన ఒక్క క్షణం గాలిలో నిలిచి, మట్టి వాసనలో కలిసిపోయింది. మర్నాడు నీళ్ళు వేళకు వచ్చాయి. ఎల్లమంద వంగి రెండు చేతులతో నీళ్ళు తాకి కళ్ళకద్దుకున్నాడు. తన చేలోకి మడవ తిప్పుకుని, కాళ్ళు కడుక్కుని, వచ్చే ఏటికి తుప్పు పట్టకుండా రోలర్లకు గ్రీజు పట్టించడానికి వెళ్ళాడు.