విశ్రాంతి జాబితాలో 317వ పరీక్ష

మానవజాతి కనిపెట్టిన ఏర్పాట్లన్నింటిలోకీ, తప్పు జరిగిందని చెప్పినవాడి నోరు మూయించే ఏర్పాటే అత్యంత సమర్థమైనది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో దానికి కర్త, కర్మ, క్రియ అన్నీ పరీక్షల విభాగాధిపతే.

వాళ్ళ డేటాబేస్ ఒకే సమాచారాన్ని ఐదు కంప్యూటర్లలో దాస్తుంది. ఒకటి మూలనపడ్డా మిగతావి సరైన జవాబే చెప్పాలి. చెబుతున్నాయో లేదో నాలుగు వేల పరీక్షలు రోజూ వాటంతటవే నడిచి చూస్తాయి. అందులో 317వది మాత్రం పదిసార్లలో ఒకసారి తప్పేది. తప్పినప్పుడల్లా గోడ మీది తెర ఎర్రబడేది, కొత్త వెర్షన్ విడుదల ఆగిపోయేది, డైరెక్టరమ్మ ముఖం తెరతో పోటీపడేది.

విభాగాధిపతి బుర్ర బద్దలు కొట్టుకుని ఒక నిబంధన రాశాడు. తప్పిన పరీక్షకు మరో మూడు అవకాశాలివ్వాలి. ఒక్కసారి నెగ్గినా నెగ్గినట్టే. (తాను చదువుకునే రోజుల్లో ఈ సౌకర్యం లేదే అని కాసేపు బాధపడ్డాడు కూడా.) అప్పటికీ మొండికేస్తే దాన్ని నడపడం మానేసి 'విశ్రాంతి జాబితా'లో చేర్చాలి. బయటికి రావాలంటే కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ అంటే ఆయనే. (తనను తాను ఒప్పించుకోవడం ఆయనకు ఏనాడూ సాధ్యపడలేదు.)

ఒకరోజు 317 నాలుగుసార్లూ తప్పి విశ్రాంతికి వెళ్ళింది. తెర పచ్చబడింది, కొత్త వెర్షన్ విడుదలైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

కొత్తగా చేరిన ప్రోగ్రామరమ్మాయికి మాత్రం చప్పట్ల సంగతి తెలియదు.

"సార్, 317ని ఎవరు ఆపేశారు?"

"కమిటీ అమ్మా."

"అది ఊరికే గోల చెయ్యట్లేదు సార్. ఒక్కోసారి నిజంగానే పాత జవాబొస్తోంది."

"చూద్దాంలే," అన్నాడాయన. ఆ మాటకు గడువుండదని ఆఫీసులో అందరికీ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె నర్సు. ఆమె పనిచేసే ఆసుపత్రి రికార్డులన్నీ ఈ డేటాబేస్‌లోనే ఉంటాయి.

"అన్నయ్యా, పొద్దున డాక్టరు గారు ఆపేసిన మందు మళ్ళీ లిస్టులో కనిపిస్తోంది. ఇవ్వాలా, వద్దా?"

"పేజీ ఇంకోసారి తెరువు."

"తెరిచా. ఇప్పుడు లేదు."

"మరింకేం, సరిపోయిందిగా!"

"సరిపోవడమేంటి? నేను మొదటిసారే నమ్మి ఇచ్చేసుంటే?"

ఆయన ఫోన్ పెట్టేసి, తిన్నగా ఆ ప్రోగ్రామరమ్మాయి బల్ల దగ్గరికెళ్ళి కుర్చీ లాక్కున్నాడు.

మూడు రోజులు ఐదు కంప్యూటర్ల చిట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. దొరికింది. సంబంధం తెగి తిరిగొచ్చిన కంప్యూటరు, తాను లేనప్పుడు ఏం మారిందో కనుక్కోకుండానే జవాబులు చెప్పేస్తోంది. ఆరు లైన్లు దిద్దితే కుదురుకుంది.

సమావేశంలో డైరెక్టరమ్మ తప్పుల నివేదిక ఫారం తెరిచింది. "మూల కారణం?"

"నేనేనండీ. నా నిబంధన."

"'నేను' అన్నది ఇందులో లేదండీ. 'నెట్‌వర్క్', 'విద్యుత్తు', 'ఇతరులు'. మూడే ఉన్నాయి."

ఆయన గట్టిగా పట్టుబట్టాడు, సుమారు అర నిమిషం. తర్వాత 'ఇతరులు' అని నమోదైంది.

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి, అంతా బాగుచేశామని గర్వంగానే చెప్పాడు.

"సంతోషం అన్నయ్యా," అంది చెల్లెలు. "మేం మాత్రం కాగితం మీద రాసుకుంటున్నాం."