రెండు తలుపుల గదిలో మేనేజరు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పిల్లి ఉంటే దాన్నీ ఒళ్లో పెట్టుకోండి, అదీ వినాల్సిన సంగతే.

ఒక దర్జీ ఉండేది. ఆవిడ మొగుడు ఇళ్లకు రంగులు వేసే పెయింటరు. ఆవిడకు పిల్లి ప్రాణం, ఆయనకు మొక్కలు ప్రాణం. పొద్దస్తమానం ఏ పనీ చేయకుండా అందరి పనీ చూస్తూ కూర్చుంటుందని ఆ పిల్లికి మేనేజరు అని పేరు పెట్టింది పెయింటరే. రంగులు వేయించుకున్నవాళ్లు వద్దనుకున్న మొక్కనల్లా ఆయన ఇంటికి మోసుకొచ్చేవాడు. ముందురోజు అలాగే తెల్లటి పూలతో ఒక లిల్లీ కుండీ తెచ్చి, కుట్టుమిషను పక్కన పెట్టాడు.

"మేనేజరు దాన్ని బతకనిస్తుందా?" అంది దర్జీ.

"పాలు తాగే పిల్లి పూలెందుకు తింటుంది? నీకన్నీ వింత అనుమానాలే," అన్నాడు పెయింటరు.

మాటకు మాట పెరిగింది. పడుకునే వేళకు ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవని సంసారం ఆగుతుందా? దానికి వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. చెప్పాల్సిందేదో పిల్లికి చెబుతారు. తెల్లారగానే "మేనేజరూ, కాఫీ చల్లారిపోతోందని చెప్పు," అంది ఆవిడ. "మేనేజరూ, అందులో చక్కెర పడలేదని చెప్పు," అన్నాడాయన. అది ఇద్దరి మొహాలూ చూసి ఆవులించింది.

ఆ రోజు దర్జీకి ఉన్నది ఒకటే పని. పశువుల ఆసుపత్రి వాళ్ల తెల్లకోట్లకు గుండీలు కుట్టి సాయంత్రానికి అందించాలి. ఆయన స్నానానికి వెళ్లగానే మిషను ముందు కూర్చుంది. అంతలో ఆడపడుచు ఫోను. ఆ అమ్మాయి ఆ ఆసుపత్రిలోనే నర్సు.

"కోట్లు ఎంతవరకొచ్చాయి వదినా?"

"ఎక్కడొస్తాయి? మీ అన్నయ్య మిషను పక్కనే లిల్లీ తోట వేశాడు. మోచెయ్యి కదిపే చోటు లేదు."

"లిల్లీయా! ఇంట్లో మేనేజరుని పెట్టుకునా? వదినా, ఆ ఆకు కొరికినా, పూల పొడి ఒంటికంటుకుని నాక్కున్నా, కుండీ కింద నీళ్లు తాగినా పిల్లికి మూత్రపిండాలు పాడైపోతాయి. ముందు దాన్ని ఇంట్లోంచి పంపించెయ్!"

మొక్క మొగుడిది. ఆయనకు చెప్పకుండా పారేస్తే ఇంకో యుద్ధం. చెబుదామంటే పిల్లితో చెప్పాలి. పిల్లి చావుకబురు పిల్లితోనే చెప్పిస్తారా ఎవరైనా? అందుకని, ఇంకేది విషమో తెలియక, ఆయన స్నానం ముగించేలోపు కుండీలన్నీ, లిల్లీతో సహా, వెనకగదిలోకి చేరవేసింది.

ఆ గదికి రెండు తలుపులు. ఇంట్లోకి ఉన్నది ఆవిడది, గుడ్డలు పెట్టుకుంటుంది. పెరట్లోకి ఉన్నది ఆయనది, రంగుడబ్బాలు పెట్టుకుంటాడు. ఆవిడ తలుపు లాగితే చాలు, దానంతటదే తాళం పడుతుంది. లాగింది, పడింది. హమ్మయ్య అనుకుంది. తాళంచెవి లోపలి మేకుకే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. సరే, పిల్లి వెళ్లకుండా ఉంటే అంతే చాలని మిషను తొక్కుకుంటూ కూర్చుంది. పెయింటరు పెరటివైపునుంచే డబ్బాలు తీసుకుని పనికి వెళ్లిపోయాడు.

కోట్లు సగమయ్యాయి. మామూలుగా ఈపాటికి మేనేజరు వచ్చి, సరిగ్గా కుడుతున్న గుడ్డమీదే బోర్లా పడుకోవాలి. రాలేదు. పిలిచింది. మంచం కింద చూసింది, బియ్యం డబ్బా వెనక చూసింది. అప్పుడు వినిపించింది, వెనకగదిలోంచి, "మ్యావ్."

తలుపు కింది సందులో కన్నుపెట్టి చూస్తే ఏముంది? దొర్లిన మట్టి, దాని మధ్య ఊగుతున్న తోక.

"నా తల్లో, విషం ముందు వడ్డించి తలుపేశానే!" అని పెరట్లోకి పరుగెత్తింది. ఆ తలుపుకు మొగుడి తాళం. పంతం పక్కన పెట్టి ఫోను చేసింది. ఆ ఫోను వంటింటి గూట్లో మోగింది. మహానుభావుడు మరిచిపోయి వెళ్లాడు. ఇక చేసేదేమీ లేక ఎదురింటి వడ్రంగిని లాక్కొచ్చింది.

"తలుపు పగలగొట్టు అన్నా!"

"ఇంత మంచి చెక్కనా? చేతులెలా వస్తాయమ్మా? బందులు ఊడదీస్తాను, సున్నితంగా."

"పిల్లి పోతోందంటే చెక్క నాణ్యం చూస్తావేంటి!"

ఇంట్లోవైపు తలుపు సున్నితంగానే ఊడదీశాడు. పట్టుకునేవాళ్లు మాత్రం లేరు. తలుపు దభాలున లోపలికి పడి కుండీలన్నిటినీ కప్పేసింది. ఆ అదురుకు పసుపురంగు డబ్బా ఒకటి బోర్లా పడింది. మేనేజరు ఆ రంగులో ఈదుకుంటూ బయటికొచ్చి, కుట్టిన కోట్లమీదుగా పరుగుతీసి, మిషనెక్కి కూర్చుంది. నోట్లో పచ్చటి ఆకుముక్క!

దర్జీ ఇంకేమీ చూడలేదు. చేతికందిన కోటులో పిల్లిని చుట్టి ఆసుపత్రికి పరుగు. వెనకే వడ్రంగి, "తలుపు బిగించేదా వద్దా అమ్మా?" అంటూ.

ఆసుపత్రిలో డాక్టరు కోటు విప్పాడు. జేబుమీద తన పేరే కుట్టి ఉంది, లోపల పసుపుపచ్చ పిల్లి ఉంది. ఆయన రెండూ చూసి, ముందు పిల్లిని బల్లమీద పెట్టాడు. ఆడపడుచు సెలైను సిద్ధం చేస్తోంది. దర్జీ బల్ల అంచు పట్టుకుని, "నా మేనేజరును బతికించండి బాబూ, జన్మలో ఎవరితోనూ పోట్లాడను," అని ఏడుస్తోంది.

అప్పుడు పెయింటరు రొప్పుతూ ఊడిపడ్డాడు. ఫోను కోసం ఇంటికొస్తే తలుపు నేలమీద, పసుపు అడుగులు మిషనుమీద. దొంగలనుకుని వీధంతా వాకబు చేసి ఇక్కడికొచ్చాడు. వచ్చీ రాగానే బల్లమీదికి వంగి, "మేనేజరూ, మీ అమ్మకు చెప్పు..." అన్నాడు.

"ఇంకా దానితో చెప్పించేదేమిటండీ! దాని ప్రాణం పోతోంది, నాతో ఏడవండి!"

"ఆ గదిలో లిల్లీ లేదే! పొద్దున నేను బయల్దేరకముందే మా చెల్లి నాకూ ఫోను చేసి చివాట్లు పెట్టింది. పెరటి తలుపు తీసి, లిల్లీ ఒక్కటీ పట్టుకెళ్లి ఇచ్చేసి వచ్చాను. ఆ సందులోనే ఇది దూరినట్టుంది."

డాక్టరు ఆకుముక్క తిప్పి చూశాడు. "ఇది గడ్డిలాంటి స్పైడర్ ప్లాంటుది. మహా అయితే కక్కుతుంది." మేనేజరు ఆయన మాట నిలబెట్టింది, పెయింటరు చొక్కామీదే.

"ఆ ముక్క పొద్దున నాకు చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది దర్జీ కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వు చెప్పావా మరి, కుండీలు దాస్తున్నానని?"

వడ్రంగి గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. దర్జీ నిట్టూర్చి, "పోనీలెండి. ఇంతకీ ఎవరికిచ్చారు దాన్ని?" అంది.

"పైవాటా ఆవిడకి. ఆవిడింట్లో పిల్లి లేదుగా, హాయిగా మంచం పక్కనే పెట్టుకుంది."

దర్జీ పక్కనున్న బెంచీమీద కూలబడింది. "రోజూ మధ్యాహ్నం మేనేజరు ఎక్కడ నిద్రపోతుందనుకుంటున్నారు? ఆ మంచంమీదే!"

తాళం పడి, తలుపు ఊడి, రంగు ఒలికి, ఇంత రభస జరగబట్టే పిల్లి ఆ రోజు పైకి వెళ్లలేదు. ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు. పైవాటా ఆవిడ చేతిలోంచి కుండీ లాక్కుని, వీధి చివర చెత్తబండిలో వేసేదాకా ఆగలేదు. ఆవిడ మంచం దుప్పటి కూడా ఉతికిచ్చారు.

మొగుడూ పెళ్లాం ఇప్పుడు అన్నీ ఎదురెదురుగానే చెప్పుకుంటారు. ఒంటి రంగు పోయేదాకా రుద్దారని మేనేజరే ఇద్దరితోనూ పలకడం మానేసింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని, పిల్లి ఉన్న ఇంటికి మొక్క పట్టుకెళ్లేవాళ్లందరికీ చెప్పండి. కుండీ ఇంకా వాళ్ల చేతుల్లో ఉండగానే చెప్పండి. కింద పెట్టాక ఎవరూ వినరు.